కంప్యూటర్‌కూ ఒక అడంగల్ ఉంటుంది: విండోస్ రిజిస్ట్రీ లోపలి సంగతులు

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గరపడిన రోజుల్లో, అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరున్న ఒక డీటీపీ షాపు నుంచి నాకు ఫోన్ వచ్చింది. "అన్నా, పెన్‌డ్రైవ్‌లు ఆపుదామని రిజిస్ట్రీలో ఒక నంబరు మార్చినా. ఇప్పుడు మౌసూ పని చేయడం లేదు, కీబోర్డూ పని చేయడం లేదు. కంప్యూటర్ ఆన్ అయితా ఉంది గానీ పాస్‌వర్డ్ కొట్టేకి లేదు." అచ్చుకు వెళ్లాల్సిన శుభలేఖలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆయన టెన్షన్ నాకు ఫోన్లోనే తెలిసిపోయింది.

ఆయన చూసిన వీడియోలో తప్పేమీ లేదు. మార్చమన్న నంబరు సరైనదే, ఆయన మార్చిందీ ఆ నంబరుకే. కాకపోతే మార్చిన చోటు వేరు. అసలు చోటుకు రెండు మూడు వరుసల కింద, దాదాపు అదే పేరుతో ఉన్న ఇంకో చోట మార్చారు. రిజిస్ట్రీలో జరిగే అనర్థాల్లో చాలా వరకు ఇలాంటివే.

ఇప్పుడు అందరూ రిజిస్ట్రీ గురించే అడగడానికి కారణం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు మాత్రం భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా పొడిగించారు. విండోస్ 11 ఎక్కించుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసరు కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. మన ఊళ్లలో డీటీపీ షాపుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఉన్న పాత కంప్యూటర్లు చాలావాటికి ఈ రెండూ లేవు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7తో ఇప్పటికీ తెలుగు శుభలేఖలు, కరపత్రాలు చేస్తున్నవాళ్లున్నారు. వాళ్లకు యంత్రం మార్చడమంటే పనిముట్లన్నీ మార్చుకోవడమే.

అందుకే "రిజిస్ట్రీలో ఈ ఒక్కటి మారిస్తే చాలు" అనే వీడియోలకు ఇంత గిరాకీ. వాటిలో నిజమున్నవీ ఉన్నాయి, సగం నిజం చెప్పేవీ ఉన్నాయి. ఏది ఏదో తెలియాలంటే ముందు రిజిస్ట్రీ అంటే ఏమిటో తెలియాలి.

రిజిస్ట్రీ అంటే ఏమిటి

పొలం ఉన్నవాళ్లకు అడంగల్ తెలుసు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు ఎవరు, సాగు చేసేది ఎవరు, ఏ పంట, నీళ్లు ఎక్కడివి, అన్నీ అందులో ఉంటాయి. అడంగల్ పొలం కాదు, పొలం గురించిన రాత. కానీ పంట రుణం ఇచ్చే బ్యాంకు మొదట చూసేది ఆ రాతనే. అందులో పేరు తప్పు పడితే, చేను మన కళ్ల ముందే ఉన్నా పని జరగదు.

విండోస్ రిజిస్ట్రీ కూడా అలాంటి రాతే. ఏ ప్రోగ్రామ్ ఎక్కడుంది, ఏ ఫైలు దేనితో తెరుచుకోవాలి, కంప్యూటర్ ఆన్ కాగానే ఏయే డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) లేవాలి, ఎవరి డెస్క్‌టాప్ మీద ఏ బొమ్మ ఉండాలి, ఇవన్నీ అందులో నమోదై ఉంటాయి. విండోస్ ప్రతి పనికీ అక్కడ చూసి, ఉన్నది ఉన్నట్టు నమ్ముతుంది.

మొదట్లో ఈ వివరాలు ఐఎన్ఐ అనే చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లలో ఉండేవి. ఎవరి ఫైలు వాళ్లది, ఎవరి పద్ధతి వాళ్లది. 1992లో వచ్చిన విండోస్ 3.1లో చిన్నపాటి రిజిస్ట్రీ మొదలైంది. ఆ తర్వాత విండోస్ ఎన్‌టీ, విండోస్ 95 వచ్చేసరికి సెట్టింగులన్నిటికీ అదే ప్రధాన చోటైంది. ఇలా అన్నీ ఒకచోట చేర్చడం మంచిదా కాదా అన్న వాదన ఇంకా తెగలేదు. ఒకచోట ఉంటే ఎవరు ఏది మార్చవచ్చో అనుమతులు పెట్టడం, వంద కంప్యూటర్లను ఒకేసారి సర్దడం సులువు. లైనక్స్‌లో మాదిరి విడివిడి టెక్స్ట్ ఫైళ్లుంటే, ఒకటి చెడినా మిగతావి బాగుంటాయి, లోపల ఏముందో మామూలు ఎడిటర్‌తోనే చదువుకోవచ్చు. రెండు వైపులా న్యాయం ఉంది.

ఐదు పేర్లు, అసలు పుస్తకాలు రెండే

రిజిస్ట్రీని చూపించే ప్రోగ్రామ్ పేరు రెజ్‌ఎడిట్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ఆ పేరు కొడితే, అడ్మిన్ అనుమతి అడిగి తెరుచుకుంటుంది. తెరిచి చూసినంత మాత్రాన ఏదీ మారదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, రిజిస్ట్రీ పేరు చెప్తేనే భయపడి, చూడటానికి కూడా వెనకాడేవాళ్లను చాలామందిని చూశాను. చదవడం వేరు, రాయడం వేరు.

ఎడమ వైపు హెచ్‌కీ అని మొదలయ్యే ఐదు ఫోల్డర్లు కనిపిస్తాయి. క్లాసెస్ రూట్, కరెంట్ యూజర్, లోకల్ మెషీన్, యూజర్స్, కరెంట్ కాన్ఫిగ్. వీటిలో అసలైనవి లోకల్ మెషీన్, యూజర్స్ రెండే. మిగతా మూడూ ఆ రెండిట్లోని భాగాలను ఇంకో కిటికీలోంచి చూపించేవి. కరెంట్ యూజర్ అంటే, యూజర్స్ కింద ఉన్న మన ఖాతా భాగమే. క్లాసెస్ రూట్‌లో కనిపించేది లోకల్ మెషీన్‌లోని సంగతులు, మన ఖాతాలోని సంగతులు కలిపిన మిశ్రమం. ఒకచోట మారిస్తే ఇంకోచోట కూడా మారినట్టు కనబడేది అందుకే.

లోపలికి వెళ్తే కనిపించే ఫోల్డర్లను కీలు అంటారు. కీ లోపల కుడి వైపు కనిపించే వరుసలను వాల్యూలు అంటారు. ఒక్కో వాల్యూకు పేరు, రకం, అందులో రాసిన డేటా, మూడూ ఉంటాయి. కీ సర్వే నంబరు లాంటిది, వాల్యూ ఆ నంబరు ఎదురుగా ఉన్న గడి లాంటిది.

ఇదంతా డిస్కు మీద హైవ్ అనే ఫైళ్లలో దాగి ఉంటుంది. యంత్రం మొత్తానికి సంబంధించిన సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ హైవ్‌లు విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 కింద కాన్ఫిగ్ అనే చోట ఉంటాయి. మన సొంత సెట్టింగులు మన యూజర్ ఫోల్డర్‌లోనే ఎన్‌టీయూజర్.డ్యాట్ (NTUSER.DAT) అనే ఫైలులో ఉంటాయి. దీన్నిబట్టే ప్రమాదం ఎంతో అంచనా వేయవచ్చు. కరెంట్ యూజర్ కింద తప్పు జరిగితే సాధారణంగా ఆ ఒక్క ఖాతాకే ఇబ్బంది, ఇంకో ఖాతాతో లోపలికి వెళ్లి బాగు చేసుకోవచ్చు. లోకల్ మెషీన్‌లోని సిస్టమ్ కింద తప్పు జరిగితే అసలు యంత్రమే లేవకపోవచ్చు.

చూసి నేర్చుకోవడానికి మంచి చోటు: మన తెలుగు కీబోర్డు

కరెంట్ యూజర్‌లో కీబోర్డ్ లేఅవుట్ అనే కీ ఉంటుంది, దాని లోపల ప్రీలోడ్ ఉంటుంది. విండోస్‌తో వచ్చే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నవాళ్లకు అక్కడ 1, 2 అని వాల్యూలు కనిపిస్తాయి. ఒకదాని ఎదురుగా 0000044ఎ అని ఉంటుంది, చివరిది ఇంగ్లిషు అక్షరం. అదే మన తెలుగు. దీనికి ముందు సంఖ్య 449 తమిళానిది, తర్వాతిది 44బి కన్నడానిది. ఇరుగుపొరుగు భాషలు ఇక్కడ కూడా పక్కపక్కనే ఉన్నాయి. 1 ఎదురుగా ఉన్నది లాగిన్ అయినప్పుడు మొదట పలికే కీబోర్డు.

సెట్టింగుల తెరలో మనం "భాష చేర్చు" అని నొక్కినప్పుడు వెనక జరిగేది ఈ గడిలో రాత పడటమే. కాబట్టి సెట్టింగుల్లో దొరికే పనికి రిజిస్ట్రీ దాకా రావాల్సిన అవసరం లేదు. సెట్టింగుల తెర తప్పు విలువను రాయనివ్వదు. రెజ్‌ఎడిట్ ఏది రాసినా రాయనిస్తుంది.

60 అని కొడితే 96 అయిన లెక్క

పై ఉదాహరణలోని 44ఎ హెక్సాడెసిమల్ లెక్క, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. ఇందులో ఎ అంటే 10. నాలుగు 256లు, నాలుగు 16లు, ఒక 10 కలిపితే 1098. మామూలు లెక్కలో తెలుగు కోడ్ అదే.

ఇది తెలియక చాలామంది దెబ్బ తింటారు. సంఖ్యలు దాచే డీవర్డ్ రకం వాల్యూను తెరిస్తే అంకె రాసే గడి పక్కన హెక్సాడెసిమల్, డెసిమల్ అని రెండు ఎంపికలుంటాయి, మొదట ఎంచి ఉండేది హెక్సాడెసిమలే. వీడియోలో 60 సెకన్లు పెట్టమన్నారని అలాగే 60 కొడితే లోపల పడేది ఆరు పదహార్లు, అంటే 96. నిజంగా 60 కావాలంటే డెసిమల్ ఎంచాక కొట్టాలి. అప్పుడు వరుసలో 3సి అని, పక్కన బ్రాకెట్లో 60 అని కనిపిస్తుంది. ఆ బ్రాకెట్లో ఉన్న సంఖ్యే మామూలు లెక్క. 0 నుంచి 9 దాకా మాత్రం రెండు లెక్కల్లోనూ ఒకటే.

రకం కూడా ముఖ్యమే. కరెంట్ యూజర్‌లో కంట్రోల్ ప్యానెల్ కింద, డెస్క్‌టాప్ అనే కీలో మెనూషోడిలే అని ఒక వాల్యూ ఉంటుంది. ఉపమెనూ తెరుచుకునే ముందు ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో అది చెప్తుంది. మామూలుగా 400. ఇది సంఖ్యే అయినా రిజిస్ట్రీలో దీని రకం స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. సంఖ్య కదా అని దాన్ని తీసేసి అదే పేరుతో డీవర్డ్ సృష్టించడం తప్పు. రకం మారితే చదివే ప్రోగ్రామ్ ఆ గడిని పట్టించుకోకపోవచ్చు.

సేవ్ బటన్ లేని ఎడిటర్

వర్డ్‌లో, పేజ్‌మేకర్‌లో తప్పు చేస్తే సేవ్ చేయకుండా మూసేస్తాం, లేదా కంట్రోల్ జెడ్ నొక్కుతాం. రెజ్‌ఎడిట్‌లో ఆ రెండూ లేవు. ఓకే నొక్కిన క్షణమే మార్పు రిజిస్ట్రీలో పడుతుంది. వెనక్కి తీసుకునే దారి లేదు. తొలగించిన కీకి రీసైకిల్ బిన్ లేదు.

రాత వెంటనే పడినా, ఫలితం మాత్రం వెంటనే కనిపించకపోవచ్చు. మెనూషోడిలే మార్పు సైన్ అవుట్ అయి మళ్లీ వచ్చాక గాని తెలియదు. డ్రైవర్ల సంగతైతే రీస్టార్ట్ చేశాకే. డీటీపీ షాపులో జరిగింది ఇదే. మధ్యాహ్నం మార్చారు, అన్నీ బాగానే పనిచేశాయి, రాత్రి షాపు మూసి మరుసటి ఉదయం ఆన్ చేశాక బయటపడింది.

లోకల్ మెషీన్‌లో సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ అనే వరుసలో వెళ్తే ప్రతి డ్రైవరుకూ ఒక కీ ఉంటుంది. అందులో స్టార్ట్ అనే వాల్యూ ఉంటుంది. 0, 1 అంటే బూట్ దశలోనే లేవాలి, 2 అంటే దానంతట అది, 3 అంటే అవసరమైనప్పుడు, 4 అంటే లేవకూడదు. పెన్‌డ్రైవ్‌ల డ్రైవరు పేరు యూఎస్‌బీస్టార్. దాని స్టార్ట్ 3 ఉన్నంతవరకు పెన్‌డ్రైవ్ పలుకుతుంది, 4 చేస్తే పలకదు. వైరస్ మోసుకొచ్చే పెన్‌డ్రైవ్‌లను ఆపడానికి కాలేజీ ల్యాబుల్లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని ఇది. ఆ జాబితాలోనే కాస్త కింద యూఎస్‌బీఎక్స్‌హెచ్‌సీఐ అని ఉంటుంది. అది మొత్తం యూఎస్‌బీ 3 కంట్రోలర్ డ్రైవరు. దానికి 4 పెడితే ఆ పోర్టులకు తగిలించిన మౌసు, కీబోర్డు, ప్రింటరు అన్నీ నిద్రపోతాయి. హార్డ్‌డిస్కు డ్రైవరుకు పెట్టి ఉంటే విండోసే లేచేది కాదు.

నకలు తీసుకున్నాం కదా అనే ధీమా

"ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఏదైనా అయితే డబుల్ క్లిక్ చేస్తే పాతది వచ్చేస్తుంది" అని దాదాపు ప్రతి వీడియోలో చెప్తారు. నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. ఆ మాట సగమే నిజం.

ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే రెజ్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలో విండోస్ రిజిస్ట్రీ ఎడిటర్ వెర్షన్ 5.00 అని, ఆ కింద కీల పేర్లు, వాల్యూలు కనిపిస్తాయి. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే విండోస్ చేసేది చేర్పు మాత్రమే. ఫైలులో ఉన్నవాటిని తీసుకెళ్లి రిజిస్ట్రీలో రాస్తుంది, ఉన్నచోట పాత విలువ పెడుతుంది. ఫైలులో లేనివాటి జోలికి పోదు.

ఒక ఉదాహరణ చూద్దాం. డెస్క్‌టాప్ కీకి నకలు తీసుకున్నాం. అందులో మెనూషోడిలే 400. ఆ తర్వాత దాన్ని 100 చేశాం, వీడియో చెప్పిందని అదే కీలో కొత్త వాల్యూ ఒకటి సృష్టించాం. ఏదో తేడా వచ్చి నకలును డబుల్ క్లిక్ చేశాం. మెనూషోడిలే మళ్లీ 400 అవుతుంది. కొత్తగా సృష్టించిన వాల్యూ మాత్రం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే నకలులో దాని ఊసే లేదు. తేడాకు కారణం ఆ కొత్త వాల్యూయే అయితే, నకలు పెట్టినా కంప్యూటర్ బాగుపడదు. అప్పుడు "బ్యాకప్ కూడా పని చేయలేదు" అని హడలిపోతారు. బ్యాకప్ తన పని తాను చేసింది, మనం దాని నుంచి ఆశించిందే వేరు.

అందువల్ల మార్పు రెండు రకాలని గుర్తు పెట్టుకుంటే మేలు. ఉన్నదాన్ని మార్చినా, తీసేసినా రెజ్ ఫైలు తిరిగి తెస్తుంది. కొత్తగా చేర్చినదాన్ని మాత్రం మనమే వెతికి తొలగించాలి. తొలగించే పనిని కూడా రెజ్ ఫైలులోనే రాయవచ్చు. వాల్యూ పేరు తర్వాత సమాన గుర్తు, దాని పక్కన మైనస్ పెడితే ఆ వాల్యూ పోతుంది. బ్రాకెట్ లోపల కీ పేరుకు ముందు మైనస్ పెడితే మొత్తం కీయే పోతుంది. ఎవరో పంపిన రెజ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో చూడకుండా డబుల్ క్లిక్ చేయడం ఎంత ప్రమాదమో ఆ చిన్న మైనస్సే చెప్తుంది.

రెండో దారి సిస్టమ్ రీస్టోర్, అంటే కంప్యూటర్ సెట్టింగులను ముందు భద్రపరిచిన స్థితికి (రీస్టోర్ పాయింట్‌కు) తిప్పడం. రీస్టోర్ పాయింట్‌లో రిజిస్ట్రీ హైవ్‌లు మొత్తంగా భద్రమవుతాయి, కాబట్టి తర్వాత చేర్చినవి కూడా పోతాయి. అయితే చాలా కంప్యూటర్లలో సిస్టమ్ ప్రొటెక్షన్ అనే ఈ సదుపాయం ఆన్‌లో ఉండదు. ఇంకో చిక్కు ఏమిటంటే, పాత పుస్తకాల్లో, వీడియోల్లో రెజ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో విండోస్ దానంతట అదే రిజిస్ట్రీ నకలు ఉంచుతుందని చెప్తారు. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి మామూలుగా అది ఆగిపోయింది. ఫోల్డర్‌లో ఫైళ్లు కనిపించినా వాటి పరిమాణం సున్నా. అవసరం పడ్డ రోజున అక్కడికి వెళ్లి సున్నా చూసినవాళ్ల బాధ నాకు తెలుసు.

మూడోది మొత్తం డిస్కు ఇమేజ్, అంటే డిస్కులో ఉన్నదంతటికీ నకలు. సమయం, బయటి హార్డ్‌డిస్కు రెండూ కావాలి. వ్యాపారం నడిచే యంత్రానికి దీనికి మించిన భరోసా లేదు.

క్లీనర్ల మీద రెండు వాదనలు

రిజిస్ట్రీలో "చెత్త" తీసేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందని చెప్పే ప్రోగ్రాములు ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాయి. ఒకప్పుడు మైక్రోసాఫ్టే రెగ్‌క్లీన్ అనే పనిముట్టు ఇచ్చింది, తర్వాత దాన్ని ఆపేసింది. ఇప్పుడు ఇలాంటి క్లీనర్లకు మద్దతు ఇవ్వమని ఆ సంస్థే చెప్తోంది.

సమర్థించేవాళ్ల మాటలో కొంత నిజముంది. ఒక ప్రోగ్రామ్ సరిగ్గా అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే దాని ఆనవాళ్లు మిగిలి, కొత్త వెర్షన్ ఎక్కకుండా అడ్డుపడటం, రైట్ క్లిక్ మెనూలో ఎర్రర్లు రావడం జరుగుతుంది. వ్యతిరేకించేవాళ్లు చెప్పేదేమంటే, విండోస్ రిజిస్ట్రీని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోదు, కావాల్సిన కీకి నేరుగా వెళ్తుంది. కొన్ని వందల పనికిరాని వరుసలున్నంత మాత్రాన వేగం తగ్గదు, పనికొచ్చే వరుస పొరపాటున పోతే మాత్రం కష్టం. రెండూ విన్నాక నాకు రెండో వాదనే బలంగా అనిపిస్తుంది. ఒక ఎర్రర్ ఉంటే దాని మూలం వెతికి ఆ ఒక్కటీ సరిచేయడం వేరు, కారణం తెలియకుండా వెయ్యి వరుసలు తుడిచేయడం వేరు.

విండోస్ 11 కోసం చేసే మార్పు సంగతి

లోకల్ మెషీన్‌లో సిస్టమ్, సెటప్, మోసెటప్ అనే కీ కింద ఒక డీవర్డ్ సృష్టించి 1 పెడితే, టీపీఎం 2.0 లేకపోయినా, ప్రాసెసరు జాబితాలో లేకపోయినా విండోస్ 11 అప్‌గ్రేడ్ ముందుకు సాగుతుంది. కనీసం టీపీఎం 1.2 ఉండాలి. ఇది దొంగదారి ఏమీ కాదు. ఒకప్పుడు మైక్రోసాఫ్టే తన సహాయ పేజీలో చెప్పింది, తర్వాత ఆ వివరం తీసేసింది. ఇలా ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని కూడా చెప్పింది.

చేయాలనేవాళ్లది ఖర్చు మాట. నడుస్తున్న యంత్రాన్ని పారేసి నలభై యాభై వేలు పెట్టడం చిన్న షాపుకు భారమే, అప్‌డేట్లు లేని విండోస్ 10 కన్నా ఇది నయం కదా అంటారు. వద్దనేవాళ్లది భరోసా మాట. రేపు ఒక పెద్ద అప్‌డేట్ రాకపోతే పని మధ్యలో ఇరుక్కుంటాం అంటారు.

ఈ మార్పు ఆపేది తనిఖీని మాత్రమే. అడంగల్‌లో బోరు ఉందని రాసినంత మాత్రాన చేనులో నీళ్లు పడవు, అనంతపురం రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కు ప్రాసెసరులో కొన్ని ఆదేశాలు తప్పనిసరి. అవి లేని మరీ పాత ప్రాసెసరు మీద రిజిస్ట్రీలో ఏం రాసినా అది బూట్ కాదు.

మార్చినా మారనట్టు కనిపించే సందర్భాలు

పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లు చాలావరకు 32 బిట్‌వి. 64 బిట్ విండోస్ మీద ఇవి సాఫ్ట్‌వేర్ కీలో చూస్తున్నామనుకుంటాయి గానీ, విండోస్ వాటిని వావ్6432నోడ్ అనే వేరే చోటికి మళ్లిస్తుంది. వీడియోలో చెప్పిన చోట మార్చినా ప్రోగ్రామ్ పట్టించుకోకపోతే, అది చూస్తున్నది బహుశా ఆ రెండో చోటు.

కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కుల్లో పాలసీస్ అనే కీల కింద ఉన్నవి సర్వరు నుంచి వస్తాయి. మనం మార్చినా కాసేపటికి పాతదే వచ్చి కూర్చుంటుంది. కొన్ని కీలు ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే విండోస్ సొంత ఖాతా పేరు మీద ఉండి అడ్మిన్‌ను కూడా రాయనివ్వవు. యాజమాన్యం లాక్కుని మార్చడం సాధ్యమే గానీ, ఆ తాళం అక్కడ ఊరికే వేసింది కాదు.

మౌసు లేని కంప్యూటర్‌ను తిరిగి లేపిన తీరు

ఆ డీటీపీ షాపాయన దగ్గర రెజ్ ఫైలు లేదు, రీస్టోర్ పాయింట్ లేదు. ఒకటి మాత్రం చేశారు. మార్చే ముందు కనిపించిన తెరను ఫోన్‌తో ఫొటో తీశారు. అందులో కీ పేరు యూఎస్‌బీఎక్స్‌హెచ్‌సీఐ అని, స్టార్ట్ ఎదురుగా 3 అని స్పష్టంగా ఉన్నాయి. ఎక్కడ తప్పిందో వెతికే పని తప్పింది.

విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపడం, రెండు మూడు సార్లు అలా చేస్తే రికవరీ తెర వచ్చింది. ఆ రికవరీ వాతావరణానికి తనదైన చిన్న విండోస్, తనదైన రిజిస్ట్రీ ఉంటాయి. అందుకే అక్కడ మౌసు, కీబోర్డు పలికాయి. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ ఎన్‌క్రిప్షన్ తాళం ఉండుంటే ఇక్కడే 48 అంకెల రికవరీ కీ అడిగేది. ఆ పాత యంత్రానికి తాళం లేదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో రెజ్‌ఎడిట్ తెరిచాం. అప్పుడు కనిపించేది రికవరీ వాతావరణపు రిజిస్ట్రీ, షాపు కంప్యూటర్‌ది కాదు. ఇది గమనించకుండా అక్కడే సరిచేసి, ఏమీ బాగుపడలేదని వాపోయేవాళ్లుంటారు. లోకల్ మెషీన్ మీద నిలబడి, లోడ్ హైవ్ ద్వారా డిస్కులోని సిస్టమ్ ఫైలును వేరే పేరుతో తెచ్చుకోవాలి. మామూలుగా సి అనే డ్రైవు అక్కడ డి అని కనిపించింది. తెచ్చుకున్న హైవ్‌లో కరెంట్ కంట్రోల్ సెట్ అనే కీ ఉండదు, అది విండోస్ నడుస్తున్నప్పుడు మాత్రమే ఏర్పడే లింకు. సెలెక్ట్ అనే కీలో కరెంట్ అనే వాల్యూ 1 అని ఉంది. అంటే మార్చాల్సింది కంట్రోల్ సెట్ 001లో. అక్కడి సర్వీసెస్‌లో యూఎస్‌బీఎక్స్‌హెచ్‌సీఐ స్టార్ట్‌ను 4 నుంచి 3 చేసి, హైవ్‌ను అన్‌లోడ్ చేసి, రీస్టార్ట్ చేశాం.

లాగిన్ తెర వచ్చేసరికి మౌసు కింద ఎర్ర లైటు వెలిగింది. ఆయన ముందు శుభలేఖల ఫైళ్లన్నీ బయటి డిస్కుకు కాపీ చేసుకున్నారు. ఆ తర్వాత సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్ చేసి, రీస్టోర్ పాయింట్ పెట్టి, యూఎస్‌బీస్టార్ కీ పేరును రెండుసార్లు చదివి, స్టార్ట్ 4 చేసి నాకు చూపించారు.